మామ వేసిన దండ

విన్నిపెగ్, కెనడా
9 ఫిబ్రవరి 2025

మామా,

కవరు చింపి తెలుగు అక్షరాలు చూడగానే గుంటూరు నుంచి మిరపకాయల బిల్లు వచ్చిందనుకుని ఉంటారు. బిల్లు కాదు, నేనే, యువరాణిని. మీరు గుంటూరు మిరప మండీలో రెండేళ్ళు గుమాస్తాగా ఉండి నేర్చుకొచ్చిన అక్షరాలు ఒక ఎండాకాలం నాకూ నేర్పారు కదా. తమిళనాడులో ఉన్నా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, చదవడం మాత్రం మనిద్దరికే వచ్చు. తమిళంలో రాస్తే ప్రియా అత్త చదివి వీధికంతా చెబుతుంది. ఫోన్ చేస్తే మీ ఇంట్లో అది ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం.

మిమ్మల్ని ఏదీ అడగకూడదనే ఇన్నేళ్ళూ ఉన్నాను. ఇప్పుడు గతిలేక అడుగుతున్నాను.

పోయిన జూన్‌లో నేను డారెన్‌ను పెళ్ళి చేసుకున్న సంగతి మీకు తెలుసు. అమ్మ చెప్పే ఉంటుంది, ఏ మాటలతో చెప్పిందో నేను ఊహించగలను. అతను ఇక్కడి పౌరుడు. అతని భార్యగా నేను ఇక్కడే శాశ్వతంగా ఉండేందుకు కాగితాలు పెట్టాం. ఇప్పుడు ఇమ్మిగ్రేషన్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఈ పెళ్ళి నిజమైనదేనని నమ్మకం కుదరలేదట, ఇంకా రుజువులు పంపమన్నారు. వాళ్ళకు నమ్మకం కుదరకపోతే సెప్టెంబరుతో నా పర్మిట్ సరి. తర్వాత పెట్టె సర్దుకుని అమ్మ దగ్గరికి, కోవిల్‌పట్టికి రావడమే.

రుజువులంటే ఏమిటో వినండి. మేమిద్దరం ఫోన్లో పంపుకున్న మాటలన్నీ అచ్చు వేయించి ఇచ్చాం, నాలుగు వందల పేజీలు. పాలు తెమ్మన్నది, నడుం నొప్పి అన్నది, వాళ్ళ నాన్న ఈరోజు తనను గుర్తుపట్టాడని అతను రాసింది, అన్నీ. మంచానికి ఎవరు ఏ పక్కన పడుకుంటారో రాసివ్వాలి. ఎవరు ముందు లేస్తారో, బాత్రూములో సబ్బు ఏ రంగో కూడా రాయాలి. కేర్ హోమ్‌లో రోజూ ముసలివాళ్ళ మలం ఎత్తుతాను మామా, ఏనాడూ అసహ్యం వేయలేదు. ఈ కాగితాలు నింపుతుంటే వేసింది.

మా లాయరమ్మ రెండు అడిగింది. ఒకటి, మా కుటుంబానికి ఈ పెళ్ళి సమ్మతమేనని పెద్దవాళ్ళెవరైనా రాసిన కాగితం. రెండు, చిన్నప్పటి నుంచి నేను మా వాళ్ళతో ఉన్న ఫోటోలు. అమ్మ సంతకం పెట్టనంది. నాన్న పోయి మూడేళ్ళయింది. మిగిలింది మీరే.

తొందర కాబట్టి తిన్నగా లాయరమ్మ అడ్రసుకే పంపండి, వెనక రాశాను. ప్రతి ఫోటో వెనక ఎవరెవరో, ఎప్పటిదో ఇంగ్లీషులో రాయండి. నాతో ఏమైనా చెప్పాలనుకుంటే వేరే కవరులో పెట్టండి. ఫైలు కాగితంలో తిట్లు వద్దు. అక్కడ ఎవరో కూర్చుని ప్రతి మాటా తర్జుమా చేస్తారు.

యువరాణి


విరుదునగర్
4 మార్చి 2025

యువరాణికి మామ సుబ్బురాజ్ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం, అంటే తుమ్ముతూ బాగున్నాం. కొత్త మిరప దిగింది. మండీలో ఘాటుకు ఎదుటి మనిషి మొహం కనబడదు, గొంతు విని గుర్తుపట్టాలి.

నీ పని అయింది. ఫైలు కాగితంలో తిట్లు లేవు, నా పెళ్ళాం మీద ఒట్టు. 'యువరాణి నా అక్క కూతురు. గుణవంతురాలు. డారెన్ అనువారిని వివాహమాడినది మాకు తెలియును, మాకు సమ్మతము' అని రాసి సంతకం పెట్టాను. కోర్టు ఎదురుగా ఉన్న జెరాక్సు కొట్లో నోటరీ ఆకువక్క నములుతూ, ఒక్క అక్షరం చదవకుండా ముద్ర గుద్దాడు. ముద్రతోబాటు నోట్లోంచి ఎర్రటి చుక్క ఒకటి కాగితం మీద పడింది. తుడిస్తే ఇంకా పాకింది. రక్తం అనుకుంటారేమోనని మీ లాయరమ్మకు చెప్పు.

ఫోటోల కోసం కోవిల్‌పట్టికి వెళ్ళాను. సంతకం మాట ఎత్తగానే మీ అమ్మ నన్ను వాకిట్లోనే నిలబెట్టింది. "ఏంరా, తెల్లోడికి బిడ్డను ఇచ్చేసినామని నేను కైయెళుత్తు పెట్టాల్నా? పెట్టను. కాగితం రాకపోతే రానీ. బిడ్డ ఇంటికి వస్తాది కదా, నాకు అదే కావాల" అంది. అక్క మేకలకు ఆకు వేయడానికి పోగానే బీరువాలోంచి ఆల్బం తీసి ఐదు ఫోటోలు ఏరుకున్నాను. అందులో ఒకదాంట్లో చుట్టాలందరూ ఉన్నారు, నువ్వు పట్టుచీరలో నిండుగా ఉన్నావు, పక్కన నేనూ ఉన్నాను. అదే అన్నిటికన్నా పైన పెట్టాను. ఆ ఒక్కటి చూస్తే చాలు, నీకు ఎంత మంది ఉన్నారో ఆఫీసరుకు తెలిసిపోతుంది.

ఇక మనలో మనం. నువ్వు తెలివైనదానివి. ఆ డారెన్‌కు ముప్పై ఎనిమిదేళ్ళనీ, మొదటి భార్య వదిలేసి పోయిందనీ అక్క చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. కాగితం కోసం కాకపోతే మన పిల్ల అలాంటివాడి గడప తొక్కుతుందా? మండీలో పాండీశ్వరన్ తమ్ముడు కూడా ఎక్కడో ఇలాగే చేశాడట, మూడేళ్ళు ఓర్చుకుని కార్డు చేతికి రాగానే దణ్ణం పెట్టి వచ్చేశాడు. నువ్వూ ఓర్చుకో. మంచం ఏ పక్కో, సబ్బు ఏ రంగో అడిగితే చెప్పేసెయ్. వచ్చాక తల స్నానం చేసి అన్నీ మరిచిపోవచ్చు.

మామ


విన్నిపెగ్
30 మార్చి 2025

మామా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నమ్మలేక, రెండోసారి చింపేముందు.

ఇక్కడి ఆఫీసులో మా మొహం చూడని మనిషి ఈ పెళ్ళి దొంగదని అనుమానించాడు. సరే, వాడి ఉద్యోగం అది. నన్ను ఎత్తుకుని తిప్పిన మామ కూడా అదే అనుకుని, పైగా నన్ను మెచ్చుకున్నారు. ఓర్చుకోమన్నారు. తల స్నానం చేయమన్నారు. మీరు రాసిన ఆ మాటలు పొరపాటున లాయరమ్మ కవరులో పడి ఉంటే నేను ఈపాటికి విమానంలో ఉండేదాన్ని.

డారెన్ నాన్న మా కేర్ హోమ్‌లో ఉంటాడు. కొడుకు పేరు కూడా గుర్తుండదు. డారెన్ ఇక్కడ రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతాడు. పని దిగి తెల్లవారగానే వచ్చి, తండ్రి పాదాలు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి గోళ్ళు తీసేవాడు. ఆయన కొడుకును ఎవరో పనివాడనుకుని, సరిగ్గా తీయడం లేదని తిట్టేవాడు. ఇతను 'తప్పయింది సార్' అనేవాడు. ఒకరోజు కాదు, ఏడాదిన్నర చూశాను. తర్వాత నేనే అడిగాను, నన్ను చేసుకుంటావా అని. అతను అడగలేదు మామా, నేను అడిగాను. ఇది ఏ రుజువుల పేజీలోనూ పట్టదు.

మీరు పంపిన ఫోటోలు లాయరమ్మ గుమాస్తా నాకు చూపించకుండానే ఫైలుకు ఎక్కించేసింది. పట్టుచీర అన్నారు. పెద్దనాన్న కొడుకు హరికృష్ణన్ అన్న పెళ్ళిలో తీసినదే అయి ఉంటుంది. దాంట్లో నా జడ వంకరగా ఉంటుంది, పోనీలెండి.

మే పదమూడున మా ఇద్దరినీ ఇంటర్వ్యూకు పిలిచారు. విడివిడిగా అడుగుతారట.

యువరాణి


విరుదునగర్
22 ఏప్రిల్ 2025

యువరాణీ,

నీ కోపం న్యాయమే. గోళ్ళ సంగతి చదివి మండీ గల్లాపెట్టె మూసేశాను. ఇంటికి వెళ్ళి ప్రియాకు చెప్పాను. "నీ నాయనకు నువ్వు ఒక్క దినమైనా తీసినావా?" అంది. తీయలేదు. ఆ డారెన్‌కు నా తరఫున ఏదైనా మంచి మాట చెప్పు. నాకు ఇంగ్లీషులో మిరపకాయ ధర తప్ప ఏమీ చెప్పరాదు.

కానీ నువ్వు కూడా ఒక మాట అన్నావు. 'మిమ్మల్ని ఏదీ అడగకూడదనే ఇన్నేళ్ళూ ఉన్నాను' అని మొదటి ఉత్తరంలో. అది నాకు గుచ్చుకుంది. నీ పదమూడో ఏట నుంచి నువ్వు నా మొహం చూసి మాట్లాడలేదు. నేను గడప దాటి వస్తే నువ్వు పెరటి వైపు పోయేదానివి. సడంగుకు మేనమామగా నేను తెచ్చిన సీరులో నగలు తక్కువయ్యాయని మీ అమ్మ రెండేళ్ళు నాతో మాటలు మానేసింది, సరే. నీకూ అదే కోపమా? గొలుసు సన్నంగా ఉందని ఒక పిల్ల పద్నాలుగేళ్ళు మామ మీద అలుగుతుందా?

ఆ ఫోటో ఏ పెళ్ళిలోదో అనుకున్నావు. హరికృష్ణన్ పెళ్ళిలో మనవాళ్ళు సగం మంది రాలేదు కదా. నేను పంపింది నీ సడంగులోది. నువ్వు పెద్దమనిషివైన పదహారో రోజు, కోవిల్‌పట్టి మండపంలో, నేను నీకు దండ వేస్తున్నది. వెనక ఇంగ్లీషులో 'మామ సుబ్బురాజ్, యువరాణి, ఫంక్షన్, 2011' అని స్పష్టంగా రాశాను. అంతకన్నా మంచి కుటుంబ ఫోటో మన ఇంట్లో ఉందా?

మామ


విన్నిపెగ్
18 మే 2025

మామా,

మీ ఉత్తరం ఇవాళ అందింది. అది ఏ ఫోటోనో నాకు ఐదు రోజుల ముందే తెలిసింది.

ఆఫీసరమ్మ చాలా మర్యాదస్తురాలు. మంచినీళ్ళు ఇచ్చింది, కళ్ళు తుడుచుకునే కాగితాల పెట్టె నా వైపు జరిపింది. ఆ మర్యాద చూస్తే ఇంకా వెగటు పుట్టింది. ఫోటో నా ముందు పెట్టి, ఈమె ఎవరు అని అడిగింది. నేనే అన్నాను. వయసెంత అంది. పదమూడు అన్నాను. ఈ దండ వేస్తున్న ఆయన ఎవరంది. మా అమ్మ తమ్ముడన్నాను. మరి పెళ్ళికొడుకు ఎక్కడ అంది. పెళ్ళికొడుకు లేడు, ఇది పెళ్ళి కాదు అన్నాను. పట్టుచీర, నగలు, దండ, ఇంత మంది జనం, పెళ్ళి కాదా అంది. ఏం చెప్పేది మామా? ఆడపిల్ల రజస్వల అయిందని ఊరంతా పిలిచి అన్నం పెట్టే పండుగ అని చెప్పాను. ఆమె రాసుకోవడం ఆపి నా మొహం చూసింది.

ఫోటోలో మన వెనక ఫ్లెక్సు ఉంది. దాని మీద మీ మొహం ఒక గుండ్రంలో, నా మొహం ఒక గుండ్రంలో. కింద తమిళంలో రాసింది తర్జుమా చేసేవాడితో చదివించింది. మీ పేరు ముందు 'ముఱై మామన్' అని ఉంది. అతను తప్పు చెప్పలేదు. ఈ పిల్లను పెళ్ళాడే వరస ఉన్న మామ అని చెప్పాడు. అంతే, అయిపోయింది. నాకు పదమూడో ఏట ఒక పెళ్ళి జరిగింది, దాన్ని దాచి డారెన్‌ను చేసుకున్నాను, ఇదీ వాళ్ళ అనుమానం. అబద్ధం చెప్పానని తేలిస్తే ఐదేళ్ళు ఈ దేశంలో అడుగుపెట్టనివ్వరు. డారెన్ నాన్నకు అన్నేళ్ళు లేవు.

పక్క గదిలో డారెన్‌కు కూడా ఆ ఫోటో చూపించారు. నేను అతనికి ఎప్పుడూ చెప్పలేదు. ఇంటికి వచ్చాక, "నువ్వు ఇందులో ఎందుకు అంత భయపడి ఉన్నావు?" అని అడిగాడు. మన వాళ్ళు ఒక్కరూ అడగని ప్రశ్న.

ఇక మీరు అడిగినదానికి జవాబు. గొలుసు సన్నమా లావా అన్నది నాకు తెలియనే తెలియదు. పదిహేను రోజులు నన్ను మీరే కట్టిన వేపాకు గుడిసెలో కూర్చోబెట్టారు. పచ్చి గుడ్డు, నువ్వుల నూనె మింగించారు. వచ్చిన ప్రతి ఆడమనిషీ బుగ్గలు పట్టుకుని, మామ వెయిట్ చేస్తాండాడు అని నవ్వింది. ఫ్లెక్సు కోసం ఫోటో తీసినవాడు 'నవ్వు పాపా' అంటుంటే ఏడ్చాను. పసుపు కళ్ళలో పడిందని అన్నారు. పండుగయ్యాక ఆ ఫ్లెక్సును బస్టాండు దగ్గర కట్టారు. నా క్లాసు మగపిల్లలు రోజూ దాని కింద నిలబడే బస్సెక్కేవారు. స్కూల్లో నా పేరు 'సుబ్బురాజ్ పెండ్లాం' అయింది. అప్పటి నుంచి మీ మొహం చూస్తే నాకు వాంతి వచ్చేది. మీ నుంచి తప్పించుకోవడానికే మదురైలో నర్సింగ్‌కు పోయాను. నేను చేతికి చిక్కనని తేలాకే కదా మీరు ప్రియా అత్తను చేసుకున్నారు.

నాన్న పోయినప్పుడు వచ్చాను కదా, ఆ ఫ్లెక్సు ఇంకా ఉంది. అమ్మ మేకల కొట్టంలో తాటాకు కింద కట్టింది, వాన కారకుండా. మేకలకు ఆకు వేయడానికి పోయి తల ఎత్తితే మీరూ నేనూ.

జూన్ ముప్పైలోగా ఆ ఫోటో ఏమిటో మీరు రాసి, అమ్మతో కూడా రాయించి పంపాలి. కొరియర్లో పంపండి. ఈసారి ముందు నాకు చూపించండి.

యువరాణి


కోవిల్‌పట్టి
11 జూన్ 2025

యువరాణీ,

మీ అమ్మ ఇంటి తిన్నె మీద కూర్చుని రాస్తున్నాను. ఇందులో మూడు కాగితాలున్నాయి. ఒకటి నీకు. మిగిలిన రెండూ ఫైలుకు, చదివి నువ్వే నిర్ణయించు.

ఫైలుకు నేను రాసింది ఇది: 'ఫోటోలో ఉన్నది పెళ్ళి కాదు. మా కులంలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే మేనమామ గుడిసె కట్టాలి, సీరు తేవాలి, దండ వేయాలి. ఆ పిల్లను చేసుకునే హక్కు కూడా అతనికి ఉందని మా పెద్దలు అనుకుంటారు. ఆ రోజు సాయంత్రం మా బావ రాజగోపాలన్, పిల్ల పన్నెండో క్లాసు కాగానే నీదే అని చెప్పి, అందరి ముందు నా చేతిలో తాంబూలం పెట్టాడు. నేను తీసుకున్నాను. మూడో రోజు తిరిగి ఇచ్చేశాను. అప్పుడు నాకు ఇరవై ఆరు, ఆమెకు పదమూడు. ఆమె చిన్నపిల్ల.'

నీకు ఇది తెలియదు కదా. తెలుసనుకున్నాను. మీ నాన్న చెప్పి ఉంటాడనుకున్నాను.

మూడో రోజు పొద్దున్నే ఆ ఆకులు, వక్కలు పళ్ళెంలో పెట్టి తెచ్చి మీ గడప మీద పెట్టాను. ఆకులు అప్పటికే వాడిపోయాయి. అక్క ఏమిటని అడిగింది. "అక్కా, నేను ఈ బిడ్డకు గుంటూరు నుంచి బలపాలు తెచ్చిచ్చినాను. అ ఆ నేర్పించినాను. దీన్ని ఎట్లక్కా చేసుకునేది? నాకు వద్దు" అన్నాను. మీ అమ్మ పళ్ళెం తన్నింది. తాంబూలం తిరిగొచ్చిందంటే పిల్లకు ఏదో లోపముందని ఊరు అంటుందని మీ నాన్న భయపడ్డాడు. అందుకే సీరు తక్కువైందని, దాని మీద పోట్లాట అని బయట చెప్పారు. పిసినారి అన్న పేరు నాకు పడింది. పోనీలే అనుకున్నాను. నేను మనసు మార్చుకుంటానని వాళ్ళు ఎదురుచూశారు, అందుకే 'మామ వెయిట్ చేస్తాండాడు' అని నీతో అంటూనే వచ్చారు. నేను వెయిట్ చేయలేదమ్మా. నాకు సంబంధాలే రాలేదు, పిసినారి కదా.

నీకు ఎందుకు చెప్పలేదంటావా. నిన్ను వద్దన్నానని పదమూడేళ్ళ పిల్లతో ఎలా చెప్పేది? నువ్వు పెరటి వైపు పోతుంటే గొలుసు కోపమనుకుని ఊరుకున్నాను. అది సులువు కాబట్టి ఊరుకున్నాను.

ఇంత రాసి నేను మంచివాడినని అనిపించుకోవడం లేదు. నీ ఉత్తరం వచ్చాక ఆల్బం మళ్ళీ చూశాను. దాంట్లో నేను నవ్వుతున్నాను. ఫ్లెక్సు మీ నాన్న వేయించాడు, నిజమే. కానీ బస్టాండు దగ్గర దాన్ని చూసి, నా మొహం అంత పెద్దగా ఉందని మురిసిపోయి, దాని కింద నిలబడి టీ తాగింది నేను. మూడో రోజు వద్దన్నవాణ్ణి మొదటి రోజు ఆ కుర్చీలో ఎందుకు కూర్చున్నాను? వారం రోజులుగా అన్నం సయించడం లేదు.

మీ అమ్మ కాగితం సంగతి. మొదట పెట్టనంది. కాగితం రాకపోతే బిడ్డ ఇంటికే వస్తాది కదా అని పాత పాటే పాడింది. నీ ఉత్తరంలో మేకల కొట్టం దాకా చదివి వినిపించాను. తప్పో ఒప్పో, అంతా వినిపించాను. "వస్తే ఈ ఊరికి వస్తాదేమో, నీ ఇంటికి రాదక్కా" అన్నాను. అక్క, "నిన్ను చూస్తే వాంతి వచ్చినాదని రాసిండాదే, నన్ను గురించి ఏమీ రాయలేదా?" అని అడిగింది. లేదన్నాను. "రాయకపోతే మాత్రం నాకు తెలీదా?" అని, తాంబూలం తిరిగొచ్చిన సంగతి తమిళంలో నాలుగు వరుసలు తనే రాసి సంతకం పెట్టింది. ఏడవలేదు. లేచి చేతులు కడుక్కుంది.

మామ


విన్నిపెగ్
16 సెప్టెంబర్ 2025

మామా,

కార్డు వచ్చేస్తుంది. మొన్న ఆఫీసు నుంచి రెండు వరుసల ఉత్తరం వచ్చింది, మీ దరఖాస్తు ఆమోదించబడింది అని. క్షమించమని గానీ, ఎందుకు అనుమానించామో గానీ ఏమీ లేదు.

మీ కాగితం చూసి లాయరమ్మ తాంబూలం పేరా తీసేయమంది. ఇది పెళ్ళి నిశ్చయమని ఒప్పుకున్నట్టే అవుతుంది, మామ దండ వేయడం ఆచారమని చెప్పి ఆపేస్తే చాలంది. మూడు రోజులు ఆలోచించాను. డారెన్‌కు మొత్తం ఇంగ్లీషులో చెప్పాను. వాడిన ఆకుల దగ్గర అతను మళ్ళీ చెప్పమన్నాడు. తీసేస్తే నేను పోగొట్టుకునేది ఈ దేశం కాదు, ఆ పళ్ళెం అనిపించింది. పేరా తీయనివ్వలేదు. తీసేసి ఉంటే సులువయ్యేదో, ఉంచినందుకే నమ్మారో తెలియదు. ఈ మూడు నెలలు ఉన్న భయం మాత్రం మీకు చెప్పినా అర్థం కాదు.

పద్నాలుగేళ్ళు మీరు చేయని పనికి మిమ్మల్ని అసహ్యించుకున్నాను. అది నా తప్పు. మీరు చేసినదానికి కూడా కొంచెం అసహ్యించుకున్నాను, అది తప్పు కాదు. ఆ కుర్చీలో కూర్చున్నారు కదా మామా. రెండూ నిజమే, ఒకటి రాసి ఒకటి దాచలేను.

ఆ ఫోటో తిరిగి ఇమ్మని అడిగాను. ఇవ్వరట, ఫైలులోనే ఉంటుందట. నా సబ్బు రంగు పక్కన, పాలు తెమ్మన్న మాటల పక్కన, దండతో నేను ఎప్పటికీ అక్కడే ఉంటాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

జనవరిలో డారెన్‌తో వస్తున్నాను. అమ్మ ఇంటికే వస్తాను, ఉంటాను. ఒక్కటే అడుగుతున్నాను. అతను మేకల కొట్టంలోకి వెళ్ళేలోగా ఆ ఫ్లెక్సు అక్కడ ఉండకూడదు.

యువరాణి


కోవిల్‌పట్టి
27 అక్టోబర్ 2025

అమ్మా యువరాణీ,

రెండూ నిజమేనన్నావు. ఒప్పుకున్నాను. దాని గురించి ఇక రాయను.

నిన్న ఆదివారం. వాన పడుతూనే ఉంది, నల్లమట్టి చెప్పు వదలడం లేదు. ఆగితే నాకు మళ్ళీ సెలవు దొరకదని వానలోనే కొట్టం ఎక్కాను. తాటాకు కింద ఫ్లెక్సును ఇనుప తీగతో కట్టారు, కొడవలితో కోశాను. మీ అమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏంరా చేస్తాండావు? మేకలు తడిసిపోతాయి, దిగు కిందికి!" అని అరిచింది. నేను దిగలేదు. మొత్తం ఊడి దబ్బున వాకిట్లో పడింది.

పద్నాలుగేళ్ళ మసి, మేకల కంపు, బల్లి గుడ్లు. వాన పడేకొద్దీ మసి కారిపోయి రంగులు బయటికొచ్చాయి. నా మొహం సగం ఎలుకలు కొట్టేశాయి, మంచిదే. నీ మొహం మాత్రం అలాగే ఉంది. అక్క వానలో గొంతుకూర్చుని కొంగుతో నీ మొహం మీది మసి తుడిచింది. ఇన్నేళ్ళు దాని కిందే తిరిగింది, తల ఎత్తి ఎప్పుడూ చూడలేదట.

"కండ్లు చూడురా. ఏడ్చిండాది" అంది.

"పసుపు పడిందన్నారు కదక్కా అప్పుడు" అన్నాను.

"పసుపు అని చెప్పినది నేనే కదరా" అంది.

కొడవలి నా చేతిలోంచి లాక్కుని, తనే దాన్ని ముక్కలు ముక్కలుగా కోసింది. తడిసిన ఫ్లెక్సు కాలదు, గోతిలో వేసి మట్టి కప్పాం. వెనక మేకలు అరుస్తూనే ఉన్నాయి. కొట్టం పైన ఏదైనా కప్పుదామక్కా, మేకలు తడుస్తున్నాయి అన్నాను.

"తడవనీరా" అంది మీ అమ్మ.

మామ